మైకేల్ ఫారడే: మోటారూ, దాని రొదా

తృతీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి

మన కాలేజీలో సైన్సు ఎగ్జిబిషన్ వస్తోందంటే నెల రోజుల ముందునుంచే ఫిజిక్స్ లాబ్‌లో సోల్డరింగు వాసన మొదలవుతుంది. నీళ్ల ట్యాంకు నిండగానే పంపు ఆపే పరికరం ఒకరు చేస్తారు, నేలమీద నల్లగీత వెంట పోయే బండి ఇంకొకరు చేస్తారు. ఏది చేసినా అందులో ఒక చిన్న డి.సి. మోటారు, దాన్ని నడిపించే మైక్రోకంట్రోలరు ఉంటాయి. వాటితోపాటు ఒక జబ్బు కూడా ఉంటుంది. మోటారు తగిలించనంతసేపు ప్రోగ్రాము బుద్ధిగా నడుస్తుంది. మోటారు తిరగడం మొదలుపెట్టగానే చిప్పు చేస్తున్న పని వదిలేసి మళ్లీ మొదటికొస్తుంది. డిస్‌ప్లే మీద అర్థంకాని గుర్తులు పడతాయి. ఎవరూ నొక్కని బటన్ నొక్కినట్టు లెక్క చూపిస్తుంది. ప్రోగ్రాములో తప్పుందేమోనని రాత్రంతా వెతికేవాళ్లున్నారు. బోర్డు పాడైందని ఇంటికి ఫోనుచేసి డబ్బు తెప్పించుకుని ఇంకొకటి కొనేవాళ్లున్నారు. ఆ కొత్త బోర్డూ అదే పని చేసేసరికి, మనకు ఎలక్ట్రానిక్స్ అచ్చిరాదని ఊరుకునేవాళ్లూ ఉన్నారు. ఆ చివరివాళ్లను చూస్తేనే నాకు బాధ.

పుస్తకాల్లో దీన్ని ఎలక్ట్రికల్ నాయిస్ అంటారు. మనం రొద అనుకుందాం. ఈ రొదకు మందులు చాలానే ఉన్నాయి. డయోడు పెట్టు, కెపాసిటరు పెట్టు, తీగలు మెలిపెట్టు అని సీనియర్లు చెబుతూనే ఉంటారు. కాని జబ్బు పుట్టుక తెలియకుండా మందు వేస్తే అది ఒకరికి పనిచేస్తుంది, ఇంకొకరికి పనిచెయ్యదు. ఆ పుట్టుక తెలుసుకోవాలంటే ఒక మనిషి జీవితం చూస్తే చాలు. మొట్టమొదట కరెంటుతో తీగను గుండ్రంగా తిప్పి చూపించినవాడు, తీగచుట్టలో కరెంటు ఆపితే షాకు ఎందుకు కొడుతుందో పరీక్షించి చూసినవాడు, బయటి విద్యుత్తు లోపలికి రాని గది కట్టించి అందులో కూచున్నవాడు, ముగ్గురూ ఒక్కరే. ఆయనే మైకేల్ ఫారడే.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండను దక్షిణపు అంచున న్యూయింగ్టన్ బట్స్ అనే చోట పుట్టాడు. తండ్రి జేమ్స్ కమ్మరి. ఉత్తర ఇంగ్లండులోని వెస్ట్‌మర్లండు పల్లెనుంచి పని వెతుక్కుంటూ పట్నం చేరినవాడు. ఆయనకు ఒంట్లో బాగుండేది కాదు. కొలిమి దగ్గర నిలబడలేని రోజులు చాలా ఉండేవి. నలుగురు పిల్లల్లో మైకేల్ మూడోవాడు. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు ఆ కుర్రవాడి చేతికి ఒక రొట్టె ఇచ్చేవారట. దాంతో వారం గడపాలి. కరువు రోజుల సంగతి మన తాతలనోట విన్నవాళ్లకు ఇది వేరే దేశపు కథలా అనిపించదు. బడిలో నేర్చింది చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు, అంతే. పెద్ద గణితం ఆయనకు జీవితాంతం అందలేదు. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

పదమూడో ఏట, 1804లో, రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పేపర్లు ఇచ్చి వచ్చే పనికి కుదిరాడు. మరుసటి ఏడు అక్కడే బైండింగు పని నేర్చుకోవడానికి ఏడేళ్లకు ఒప్పందం అయింది. బైండింగుకు వచ్చిన పుస్తకాన్ని కుట్టి ఊరుకోకుండా చదవడం మొదలుపెట్టాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు గురించిన వ్యాసం ఆయన చేతికి అట్లాగే వచ్చింది. జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయన శాస్త్ర పుస్తకమూ అట్లాగే వచ్చింది. చదివింది నిజమో కాదో చూడాలని దొరికిన సామానుతో చిన్న విద్యుత్ యంత్రం చేసుకున్నాడు. టేటమ్ అనే ఆయన ఇచ్చే సాయంకాలపు ఉపన్యాసాలకు ఒక్కోదానికి షిల్లింగు ఇవ్వాలి. ఆ షిల్లింగు అన్న రాబర్ట్ ఇచ్చాడు. అన్న కూడా కమ్మరే. ఇంట్లో ఒకడు కష్టపడితే ఇంకొకడు చదువుకునే పద్ధతి మనకే కాదు, అన్ని దేశాల్లోనూ ఉందన్నమాట.

1812లో దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టిక్కెట్లిచ్చాడు. డేవీ అప్పట్లో ఇంగ్లండులో పేరుమోసిన రసాయన శాస్త్రజ్ఞుడు. ఫారడే నాలుగు ఉపన్యాసాలూ విని, నోట్సు శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు వేసి, తనకు వచ్చిన చేతిపనితో చక్కగా బైండు చేసి ఆయనకే పంపించాడు. కొన్నాళ్లకు అక్కడ ఒక సహాయకుడి ఉద్యోగం ఖాళీ అయింది. 1813 మార్చి 1న ఫారడే అందులో చేరాడు. జీతం వారానికి 25 షిల్లింగులు, పైన ఉండటానికి రెండు గదులు. ఆ ఏడాది చివర డేవీ దంపతుల వెంట యూరపు ప్రయాణం కట్టాడు. దారి పొడుగునా డేవీ భార్య ఆయన్ను పనివాడిలాగే చూసింది. మనసు కష్టపెట్టుకున్నా తిరిగిపోలేదు. ఆ ప్రయాణంలోనే ఆంపియర్‌నూ, వోల్టానూ చూశాడు. మన పాఠాల్లో యూనిట్లుగా ఉన్న పేర్లు ఆయనకు ఎదురుగా నిలబడ్డ మనుషులు.

ఇక మోటారు సంగతి. 1820లో డెన్మార్కు దేశస్థుడు అయిర్‌స్టెడ్ కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదులుతుందని చూపించాడు. దానిమీద యూరపంతా పడింది. ఫారడే 1821 జూన్ 12న సారా బార్నార్డ్‌ను పెళ్లాడి, సెప్టెంబరు నెల మొదట్లో ఈ ప్రయోగానికి కూచున్నాడు. ఒక గిన్నెలో పాదరసం పోసి, మధ్యలో అయస్కాంతాన్ని నిలబెట్టి, పైనుంచి ఒక తీగను వేలాడదీసి దాని కొస పాదరసంలో మునిగేట్టు చేశాడు. కరెంటు ఇవ్వగానే తీగ అయస్కాంతం చుట్టూ గిరగిరా తిరిగింది. విద్యుత్తు నిలకడైన భ్రమణంగా మారడం లోకం చూసింది అదే మొదటిసారి. నీటిమోటారు దగ్గర్నుంచి మిక్సీ దాకా అన్నిటికీ మూలపురుషుడు ఆ పాదరసపు గిన్నే.

పాదరసం ఎందుకు పెట్టాడు? తిరిగే తీగకు కరెంటు అందుతూనే ఉండాలి, తీగ తిరగడానికి అడ్డూ ఉండకూడదు. మన చిన్న డి.సి. మోటార్లలో ఆ పని కమ్యుటేటరూ బ్రష్షులూ చేస్తాయి. కాని ఇక్కడ ఒక తేడా ఉంది. పాదరసంలో కరెంటు తెగకుండా సాగుతుంది. కమ్యుటేటరు మీద బ్రష్షు ఒక రాగిముక్కనుంచి ఇంకోదానిమీదకు జారిన ప్రతిసారీ ఒక తీగచుట్టలో కరెంటు తెగి, దిక్కు మారి, మళ్లీ పారుతుంది. నిమిషానికి వేలసార్లు తెగడం, అతకడం. మోటారు వెనకభాగంలోంచి చీకట్లో చూస్తే కనబడే నీలిరవ్వలు అవే. తెగితే ఏమవుతుందో తెలుసుకోడానికి ఫారడేకు ఇంకో పది పదమూడేళ్లు పట్టింది.

ఆలస్యానికి కారణం లేకపోలేదు. 1821 ప్రయోగం అచ్చయ్యాక, ఆ ఆలోచన వొలాస్టన్ అనే పెద్ద శాస్త్రజ్ఞుడిదని, ఫారడే దాన్ని ఎత్తుకుపోయాడని గుసగుసలు లేచాయి. వొలాస్టన్ అనుకున్నది తీగ తన చుట్టూ తాను తిరగడం. ఫారడే చేసింది వేరు. అయినా బైండింగు కుర్రాడికి ఇంత గొప్పతనమా అనుకునే వాళ్లకు కొదవలేదు. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వస్తే అధ్యక్షుడుగా ఉన్న డేవీయే వ్యతిరేకించాడు. ఓట్లలో ఒక్కటి మాత్రమే వ్యతిరేకంగా పడింది, ఫారడే ఎన్నికయ్యాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చిన గురువే అడ్డు నిలబడితే ఎంత బాధో ఊహించుకోవచ్చు. ఫారడే మాత్రం డేవీ మీద గౌరవం వదులుకోలేదు. కొన్నేళ్లు రసాయన శాస్త్రం మీదే ఎక్కువ పని చేశాడు. 1825లో బెంజీన్ కనుక్కున్నాడు.

1831 ఆగస్టు 29న మళ్లీ తీగలు చేతబట్టాడు. ఆరంగుళాల వెడల్పున్న మెత్తటి ఇనుప రింగు ఒకటి చేయించి, దానికి ఒకవైపు ఒక తీగచుట్ట, రెండోవైపు మరో తీగచుట్ట చుట్టాడు. అప్పట్లో ఇప్పటిలాగా ఇన్సులేషన్ తీగ అంగట్లో దొరికేది కాదు. చుట్టుకూ చుట్టుకూ మధ్య దారం, పొరకూ పొరకూ మధ్య నూలుగుడ్డ పెట్టి ఓపిగ్గా చుట్టుకోవాలి. మొదటి చుట్టకు బాటరీ, రెండో చుట్టకు అయస్కాంతపు ముల్లు. బాటరీ కలపగానే ముల్లు ఒక్క ఉలుకు ఉలికి మళ్లీ సర్దుకుంది. కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ కదల్లేదు. బాటరీ తీసెయ్యగానే ఎదురుదిక్కుకు ఇంకో ఉలుకు. అంతే.

ఆ ఉలుకును చూసి బల్ల కదిలిందేమో, తీగ సరిగ్గా తగల్లేదేమో అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఇక్కడ జెనీవా నగరపు కొలాడాన్ కథ చెప్పుకోవాలి. 1825లో ఆయన కూడా ఇటువంటి ప్రయోగమే చేశాడు. తన పెద్ద అయస్కాంతం గాల్వనామీటరు ముల్లును నేరుగా లాగుతుందేమోనని, ఆ బెడద లేకుండా మీటరును ఇంకో గదిలో పెట్టాడు. ఇక్కడ తీగచుట్టలోకి అయస్కాంతం దూర్చి, నడిచి ఆ గదికి వెళ్లి చూసేసరికి ముల్లు కదలకుండా కూచునుంది. ఆయన నడిచిన ఆ కాసేపట్లోనే ఉలుకు వచ్చి పోయింది. రొద వద్దనుకుని దూరం పెట్టిన మనిషికి అసలు సంగతే దూరమైంది. ఫారడేకు ముల్లు కళ్లెదుట ఉంది, ఓపికా ఉంది. అక్టోబరులో ఒట్టి అయస్కాంతాన్ని తీగచుట్టలోకి తోసి, లాగి కరెంటు పుట్టించాడు. ఆ నెలాఖరులో అయస్కాంతపు ధ్రువాల మధ్య రాగి పళ్లెం తిప్పి నిలకడైన కరెంటు తీశాడు. మన ఊళ్లకు వచ్చే కరెంటు చాలావరకు ఆ సూత్రంతో పుడుతున్నదే. పొలాల్లో తిరిగే ఇండక్షన్ మోటారులో రోటారుకు బయటినుంచి తీగే ఉండదు, దానిలో కరెంటు ప్రేరణవల్లే పుడుతుంది. పేరులోనే ఆ సంగతి ఉంది.

మన రొదకు ఇందులో మొదటి పాఠం ఉంది. కరెంటు పారడంవల్ల పక్క తీగకు బెడద లేదు, కరెంటు మారడంవల్ల బెడద. ఎంత తొందరగా మారితే అంత పెద్ద ఉలుకు. మోటారు తీగ పక్కనే సెన్సారు తీగను కట్టకట్టి తీసుకుపోతే ఆ రెండూ ఫారడే రింగు మీది రెండు చుట్టలే అవుతాయి. మోటారు ఆన్ అయినప్పుడొకటి, ఆఫ్ అయినప్పుడొకటి సెన్సారు తీగలో ఉలుకు పుడుతుంది. చిప్పుకు అది బటన్ నొక్కినట్టే. వేగం తగ్గించి పెంచడానికి మనం వాడే పి.డబ్ల్యు.యం. పద్ధతిలో ఆ ఆన్ ఆఫ్‌లు సెకనుకు వందలు, వేలు. అంచేత మోటారు తీగలు వేరుగా, సెన్సారు తీగలు వేరుగా పోవాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటాలి. పోయే తీగనూ వచ్చే తీగనూ జడలాగా మెలిపెడితే ఒక మెలికలో పుట్టింది పక్క మెలికలో పుట్టినదానితో చెల్లిపోతుంది.

1834లో ఇంకో సంగతి ఆయన ముందుకొచ్చింది. జెన్‌కిన్ అనే యువకుడు ఒక చిన్న బాటరీని విద్యుదయస్కాంతపు తీగచుట్టకు కలిపి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని బాటరీ తీసేస్తే గట్టిగా షాకు కొడుతోందని గమనించి చెప్పాడు. అదే బాటరీని పొట్టి తీగకు కలిపితే ఏమీ అనిపించదు. అంత చిన్న బాటరీకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫారడే దాన్ని పట్టుకుని వదల్లేదు. బాటరీ మార్చకుండా తీగ మాత్రం మార్చుకుంటూ పోయాడు. పొట్టి తీగ పెట్టాడు, పొడుగు తీగ పెట్టాడు, ఆ పొడుగు తీగనే చుట్టగా చుట్టాడు, చుట్ట మధ్యలో ఇనుము పెట్టాడు. తెంపినప్పుడల్లా రవ్వ ఎంత పెద్దదో చూశాడు. తీగ పొడుగైతే పెరిగింది, చుట్టితే ఇంకా పెరిగింది, ఇనుము పెడితే మరీ పెరిగింది. కరెంటు తగ్గిపోతుంటే ఆ తీగచుట్ట తనలో తానే ప్రేరణ పొంది, కరెంటును పారించడానికే చూస్తుందని తేల్చాడు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ 1832లోనే దీన్ని ప్రకటించాడు గనక ఆ గౌరవం హెన్రీది. అందుకే ఇండక్టెన్స్ యూనిట్‌కు హెన్రీ అని పేరు.

మోటారు అంటే ఇనుము మీద చుట్టిన తీగే కదా! ట్రాన్సిస్టరు దాని కరెంటును ఠక్కున ఆపినప్పుడు జెన్‌కిన్ చేతులకు తగిలిన షాకే ఇప్పుడు ట్రాన్సిస్టరుకు తగులుతుంది. 12 వోల్టుల మోటారు కొసలమీద ఆ క్షణంలో దానికి ఎన్నో రెట్లు లేస్తుంది. పొలంలో స్టార్టరు పడిపోయినప్పుడు గట్టు మీది రేడియో గరగరమనడం మన రైతులకు తెలిసిన సంగతే. మోటారు చుట్టల్లో పారే కరెంటు స్టార్టరు కాంటాక్టుల దగ్గర తెగేటప్పుడు లేచే రవ్వే అందుకు కారణం. మందు ఏమిటంటే, ఆగిపోనంటున్న ఆ కరెంటుకు తిరిగే దారి ఒకటి చూపించడమే. మోటారుకు అడ్డంగా డయోడు, గీత ఉన్న కొస పాజిటివ్ వైపుకు. కరెంటు పోతున్నంతసేపు డయోడు ఊరికే ఉంటుంది, తెగినప్పుడు దారి ఇస్తుంది. రెండు దిక్కులా తిప్పే హెచ్-బ్రిడ్జి అయితే నాలుగు డయోడ్లు కావాలి. మనవాళ్లు ఎక్కువగా వాడే ఎల్298 చిప్పులోపల ఈ డయోడ్లు లేవు, బయట పెట్టాలి. ఇక పి.డబ్ల్యు.యం. వేగంగా ఉంటే మామూలు 1ఎన్4007 మందకొడి, షాట్కీ రకమైన 1ఎన్5819 లాంటిది మేలు.

డయోడు కన్నా విలువైనది ఫారడే పద్ధతి. ఒక్కసారి ఒక్కటే మార్చడం. మన లాబ్‌లో ఏం చేస్తాం? చిప్పు రీసెట్ అయిందంటే బోర్డు మార్చి, తీగలు మార్చి, ప్రోగ్రామూ మార్చి, నాలుగు కెపాసిటర్లు పెడతాం. ఒకవేళ బాగైనా దేనివల్ల బాగైందో తెలీదు. అట్లా కాకుండా ముందు మోటారు తీసేసి, అది బయల్దేరేటప్పుడు తీసుకునేంత కరెంటు తీసుకునే, వేడికి తట్టుకునే రెసిస్టరు పెట్టి చూడాలి. అప్పుడూ రీసెట్ అయితే దోషం రొదది కాదు, సరఫరాది. బోదెకు ఎగువనున్న రైతు గండి పెద్దది చేస్తే దిగువ మడికి నీళ్లు తగ్గిపోవూ? మోటారు బయల్దేరేటప్పుడు మామూలుకన్నా చాలా రెట్లు కరెంటు లాగుతుంది, చిప్పుకు వోల్టేజి పడిపోతుంది. దానికి మోటారుకు వేరే సరఫరా ఇచ్చి, రెండు గ్రౌండ్లను ఒకే చోట కలపాలి. మోటారు కరెంటు చిప్పు గ్రౌండు తీగగుండా తిరిగి రాకూడదు. రెసిస్టరుతో బాగుండి మోటారుతోనే చెడితే అప్పుడది రొద. సెన్సారు తీగలు ఒక్కొక్కటే ఊడదీసి, ఆ పిన్నును గాలికి వదలకుండా రెసిస్టరుతో ఒక మట్టానికి కట్టి చూస్తే ఏ తీగలోంచి వస్తున్నదో దొరుకుతుంది. ఏ.వి.ఆర్. రకం చిప్పుల్లో రీసెట్ ఎందుకైందో గుర్తుపెట్టుకునే రిజిస్టరు ఒకటి ఉంది. బూట్‌లోడర్ తుడిచెయ్యకముందే దాన్ని చదివితే వోల్టేజి పడిందా, రీసెట్ పిన్ను కదిలిందా అన్నది చిప్పే చెబుతుంది.

1836 జనవరిలో ఫారడే చేసిన ప్రయోగం చిన్నపిల్లలకు చెప్పినా నోరు తెరుస్తారు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాసశాలలో పన్నెండు అడుగుల పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్న కొయ్యచట్రం కట్టించి, రాగితీగలు, కాగితం, తగరపు రేకు కప్పించాడు. దాన్ని నేలకు తగలకుండా నిలబెట్టి పెద్ద యంత్రంతో విద్యుత్తు ఎక్కించారు. బయటి గోడలనుంచి రవ్వలు లేస్తుంటే ఆయన వెలిగించిన కొవ్వొత్తులూ, సున్నితమైన విద్యుత్ పరికరాలూ పట్టుకుని లోపలికి వెళ్లి కూచున్నాడు. లోపల పరికరాలు చలించలేదు. ఆ గదికే ఫారడే పంజరం అని పేరు వచ్చింది. చిప్పును లోహపు డబ్బాలో పెట్టి డబ్బాను గ్రౌండుకు కలిపితే మనం చేస్తున్నది అదే. అయితే రెండు జాగ్రత్తలున్నాయి. నెమ్మదిగా మారే అయస్కాంత బలాన్ని పల్చటి రేకు ఆపలేదు. దానికి దూరం, మెలిపెట్టిన తీగలే మందు. ఇక డబ్బాలోకి పోయే తీగ రొదను వెంటబెట్టుకుని పోతుంది. నాలుగు గోడలూ గట్టిగా కట్టి దొడ్డితలుపు తెరిచిపెడితే లాభమేమిటి?

ఆ మరుసటి ఏడు, 1837లో, ఒకదానిలో ఒకటి ఇమిడే ఇత్తడి గోళాల మధ్య గాలికి బదులు లక్క, గంధకం, గాజు పెట్టి చూసి, పదార్థాన్నిబట్టి విద్యుత్తు నిలవ మారుతుందని నిరూపించాడు. మన కెపాసిటర్ల లోపలి సంగతి అదే. మోటారు రెండు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరును మోటారుకు ఆనించి సోల్డరు చేస్తే బ్రష్షుల దగ్గర పుట్టిన రొద చాలావరకు అక్కడే చుట్టుతిరిగి ఆగిపోతుంది. అలాంటిదే ఇంకొకటి చిప్పు సరఫరా పిన్నులకు దగ్గరగా ఉండాలి. డ్రైవరు సరఫరా మీద కొన్ని వందల మైక్రోఫారడ్ల ఎలక్ట్రొలిటిక్ ఉంటే మోటారు హఠాత్తుగా అడిగిన కరెంటు అది ఇస్తుంది. ఎక్కడ పెట్టామన్నది ఎంతన్నదానికన్నా ముఖ్యం. జానెడు తీగ చివర పెట్టిన కెపాసిటరు ఆ రొదకు అందనే అందదు.

1840 ప్రాంతంలో ఆయన ఆరోగ్యం దెబ్బతింది. తల తిరగడం, జ్ఞాపకశక్తి తగ్గిపోవడం. చేసిన ప్రయోగమే మళ్లీ చెయ్యబోయే పరిస్థితి. శాస్త్రజ్ఞుడికి ఇంతకన్నా శిక్ష ఉంటుందా? ఆయన్ను నిలబెట్టింది నోట్‌బుక్కు. చేసిన ప్రతి ప్రయోగాన్నీ, ఫలించినదాన్నీ ఫలించనిదాన్నీ కూడా, పేరాలకు వరస నంబర్లు వేసి రాసుకునేవాడు. ఆ నంబర్లు పదహారు వేలు దాటాయి. మరిచిపోయింది నంబరు చూసి వెతుక్కునేవాడు. ఆ స్థితిలోనే 1845లో అయస్కాంతంతో కాంతిని ప్రభావితం చెయ్యవచ్చునని చూపించాడు. 1854 ప్రాంతంలో మైళ్ల పొడుగు టెలిగ్రాఫు కేబుళ్లలో సంకేతాలు ఎందుకు సాగిపోయి ఒకదానిమీద ఒకటి పడుతున్నాయో వివరించాడు. ఇన్సులేషన్ తొడిగిన కేబులు నీళ్లలో ఉంటే అదే ఒక పెద్ద కెపాసిటరు అవుతుందన్నాడు. పొడుగు తీగ ఒట్టి తీగ కాదన్నది అక్కడే తేలింది.

గణితం రాదు గనక ఆయన అయస్కాంతం చుట్టూ బలరేఖలను ఊహించుకుని ఆలోచించేవాడు. పెద్దలు చాలామంది దాన్ని పట్టించుకోలేదు. మాక్స్‌వెల్ పట్టించుకున్నాడు. ఆ రేఖల్ని సమీకరణాలుగా రాసి విద్యుదయస్కాంత తరంగాలు ఉండి తీరాలన్నాడు. 1887, 1888లలో హెర్ట్జ్ రవ్వలు పుట్టించి ఆ తరంగాలను పట్టి చూపించాడు. అంటే బ్రష్షు దగ్గరి రవ్వ కూడా ఒక చిన్న రేడియో స్టేషనే. తగలని తీగలోకి రొద ఎట్లా వచ్చిందని ఆశ్చర్యపోనక్కర్లేదు.

సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుచేతులా ఇస్తామన్నా ఒప్పుకోలేదు. క్రిమియా యుద్ధంలో వాడటానికి విషవాయువు సంగతి చూడమని ప్రభుత్వం అడిగితే ఆ పని తాను చెయ్యనన్నాడు. పిల్లలకు క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం 1860 దాకా పందొమ్మిది సార్లు ఇచ్చాడు. 1858లో రాణి ఇచ్చిన హాంప్టన్ కోర్ట్ ఇంట్లో చివరి రోజులు గడిపి, 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు. హైగేట్ శ్మశానంలోని రాతిమీద పేరూ, పుట్టిన తేదీ, పోయిన తేదీ తప్ప ఏమీ లేవు.

జూనియర్ మిత్రులకు నేను చెప్పదలచింది ఒక్కటే. మోటారు వేరు, దాని రొద వేరు అనుకోకండి. తీగను తిప్పే బలమే తీగ తెగినప్పుడు షాకు కొడుతుంది. రొద వచ్చిందంటే మీ చేతికి ఎలక్ట్రానిక్స్ అచ్చిరాలేదని కాదు, 1831లో ముల్లు ఉలికినట్టు మీ బల్లమీదా ఏదో ఉలికిందని. ఒక నోట్‌బుక్కు తెరిచి, నంబరు ఒకటి వేసి, ఏం మార్చారో ఏం జరిగిందో రాయండి. మూడు పేజీలు నిండకముందే దారి కనబడుతుంది. కమ్మరి ఇంట్లో పుట్టి, పెద్ద లెక్కలు నేర్వకుండా, జ్ఞాపకం జారిపోతున్నా ఒకాయన ఆ దారినే నడిచాడు. ఆయన పేరు ఈ రోజు ప్రతి కెపాసిటరు యూనిట్‌లోనూ ఉంది.